బోర్డో రెడ్ వైన్‌ను ఎప్పటిదాకా దాచాలి, ఎలా తెరవాలి

ఫ్రాన్సులో, అందులోని బోర్డో ప్రాంతంలోనూ, తయారయ్యే రెడ్ వైన్లలో అధికభాగం కొద్ది సంవత్సరాలలోపే తాగవలసినవి కనుక, సీసాను దాచడానికి ముందు అది దాచదగినదేనా అని తేల్చుకోవాలి. ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ, కొంతమేరకు ఓక్ పీపాల నుంచీ వచ్చే టానిన్ల వల్ల వైన్‌కు వగరు వస్తుంది. చిగుళ్లను బిగబట్టే ఆ వగరుతోపాటు పులుపూ పండు రుచీ నిండుగా ఉంటేనే దాచడంలో అర్థముంది. పండు రుచి పలుచగా ఉన్న వైన్‌లో వగరు మెత్తబడేలోగా ఆ కాస్త పండూ తరిగిపోతుంది.

బోర్డోలోనే, కాబెర్నే సావిన్యాన్ అనే ద్రాక్ష రకం ప్రధానంగా ఉండే మెడోక్ ప్రాంతపు వైన్లు సాధారణంగా నెమ్మదిగా పరిణతి చెందుతాయి. మెర్లో అనే మరో ద్రాక్ష రకం ఎక్కువగా ఉండే పొమెరోల్ ప్రాంతపు వైన్లు తరచుగా వాటికంటే ముందే మెత్తబడతాయి. బోర్డో వైన్లను శ్రేణులుగా విభజించిన 1855 నాటి వర్గీకరణలో షాతోకు, అంటే వైన్ తయారుచేసే ఎస్టేటుకు, దక్కిన స్థానం ధరను చాలావరకు చెబుతుంది గాని, పంట ఏడాదిని చూడకుండా దానినే నమ్ముకోవడం తెలివైన పని కాదు. 1982, 2005, 2010 వంటి మేలైన సంవత్సరాల వైన్లను సాధారణ సంవత్సరాల వైన్ల కంటే ఎక్కువ కాలం ఉంచవచ్చు.

బిరడా ఎండిపోకుండా సీసాను పడుకోబెట్టి, వెలుతురూ కుదుపులూ లేని చోట, దాదాపు 12 లేదా 13 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచాలి. ఆ అంకె కచ్చితంగా కుదరకపోయినా ఫరవాలేదు; ఉష్ణోగ్రత మాటిమాటికీ మారడమే ఎక్కువ హాని చేస్తుంది.

సీసాలో కాలం గడిచేకొద్దీ టానిన్లూ రంగు పదార్థాలూ ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కి, కొంత భాగం మడ్డిగా అడుగుకు చేరుతుంది. అందువల్లనే వగరు తగ్గుతుంది, ఊదా ఛాయ గల ఎరుపు అంచుల వద్ద ఇటుక రంగుకు తిరుగుతుంది. తాజా పండ్ల వాసన వెనక్కి తగ్గి దేవదారు, పొగాకు, తోలు, తడిసిన ఆకుల వాసనలు పైకి వస్తాయి. అయితే ఈ మార్పు ఒకే తీరుగా సాగదు. కొన్ని వైన్లు నడుమ కొన్నేళ్లపాటు వాసనా రుచీ ముడుచుకుని మూగబోతాయి. అలాంటి సమయంలో తెరిచి, వైన్ పాడైందని తీర్పు చెప్పేవారు తక్కువేమీ కాదు. స్తోమత ఉంటే ఒకే వైన్ సీసాలు కొన్ని కొని, రెండు మూడేళ్లకొకటి తెరిచి చూడడం ఏ నిపుణుడి అంచనా కన్నా నమ్మదగిన పద్ధతి.

తెరవడానికి ఒకటి రెండు రోజుల ముందు సీసాను నిలబెడితే మడ్డి అడుగుకు దిగుతుంది. సీసా మెడ కింద దీపం ఉంచి, వైన్‌ను డికాంటర్ అనే గాజు పాత్రలోకి నెమ్మదిగా, ఆపకుండా వంచి, మడ్డి మెడ దాకా రాగానే ఆపాలి. వగరు గట్టిగా ఉన్న చిన్న వయసు బోర్డోను గంట రెండు గంటలు గాలికి వదలవచ్చు. బాగా ముదిరిన వైన్‌లో మిగిలిన సున్నితమైన వాసనలు గాలికి త్వరగా చెదిరిపోతాయి గనుక, దానిని వంచిన వెంటనే 16 నుంచి 18 డిగ్రీల మధ్య వడ్డించాలి.