గంజాయి విషయంలో అమెరికా అభ్యర్థి ఎటు ఉన్నారో తెలుసుకోవడం ఎలా?

పౌరసత్వం వచ్చాక మొదటిసారి ఓటు వేయబోతున్న మా మరిది ఫోన్ చేసి, "వదినా, ఈయన గంజాయికి అనుకూలమా, వ్యతిరేకమా? ఒక్క మాటలో చెప్పండి" అన్నాడు. చెప్పలేకపోయాను. ఇద్దరు అభ్యర్థులు "అనుకూలం" అన్నా, ఒకరు జైల్లో పెట్టొద్దంటుంటే ఇంకొకరు వీధిలో దుకాణమే పెట్టుకోనివ్వాలంటుండవచ్చు. ఆ శనివారం శాంపిల్ బ్యాలట్ ముందు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. అప్పుడు పాటించిన వరుసనే ఇక్కడ రాస్తున్నాను.

1. "అనుకూలం" అన్నది ఏ మెట్టు వరకో చూడండి

కింది మెట్టు వైద్యం. డాక్టరు రాసిస్తే రోగికి ఇవ్వచ్చని 1996లో కాలిఫోర్నియా ఓటర్లు మొదట ఒప్పుకున్నారు. దాని మీది మెట్టు, కొద్దిపాటి గంజాయి దగ్గరుంటే కేసూ జైలూ లేకుండా జరిమానాతో వదిలేయడం. అమ్మడం మాత్రం అప్పుడూ నేరమే. అన్నిటికంటే పైమెట్టు, 21 ఏళ్లు నిండినవారికి మద్యంలాగే లైసెన్సు దుకాణాల్లో అమ్మడం. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలతో మొదలై, 2023లో ఒహాయో చేరేసరికి పెద్దలకు అనుమతించిన రాష్ట్రాలు 24 అయ్యాయి.

చాలామందిని తికమకపెట్టేది ఈ మధ్యలో ఉన్న ఇంకో మెట్టు. 1970 నాటి కేంద్ర చట్టం గంజాయిని హెరాయిన్‌తో పాటు ఒకటో షెడ్యూలులో, అంటే అన్నిటికంటే కఠినంగా నియంత్రించే మత్తుపదార్థాల జాబితాలో పెట్టింది. దాన్ని మూడో షెడ్యూలుకు దించాలని బైడెన్ ప్రభుత్వం 2024 మేలో ప్రతిపాదించింది. ఆ పని త్వరగా ముగించమని 2025 డిసెంబరులో ట్రంప్ ఆదేశం ఇచ్చారు. వార్తల్లో ఇది "గంజాయికి పచ్చజెండా" అన్నట్టు వినిపిస్తుంది కానీ, కాదు. షెడ్యూలు మారితే పరిశోధన సులువవుతుంది, వ్యాపారులకు ఆదాయపు పన్నులో ఖర్చులు తీసివేసుకునే వీలు దొరుకుతుంది. దుకాణంలో అమ్మకం మాత్రం కేంద్ర చట్టం దృష్టిలో నేరంగానే మిగులుతుంది.

దగ్గర పెట్టుకున్నందుకు కేంద్ర చట్టం కింద శిక్షపడినవారికి బైడెన్ 2022 అక్టోబరులో క్షమాభిక్ష ఇచ్చారు, పూర్తి అనుమతి మాట మాత్రం ఎత్తలేదు. ఆయన ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ 2024 ప్రచారంలో దేశమంతటా చట్టబద్ధం చేస్తానన్నారు. ఒకే ప్రభుత్వంలోని ఇద్దరు వేర్వేరు మెట్ల మీద నిలబడ్డారన్నమాట. అందుకే మీ అభ్యర్థి పేరు పక్కన "అవును", "కాదు" అని కాకుండా, ఏ మెట్టో రాసుకోండి.

2. పోటీ చేస్తున్న పదవికి ఆ అధికారం ఉందో లేదో చూడండి

కేంద్ర చట్టాన్ని మార్చాల్సింది కాంగ్రెస్, అంటే ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన అమెరికా పార్లమెంటు. అధ్యక్షుడు ఒక్క సంతకంతో దేశమంతా చట్టబద్ధం చేయలేరు. అలాగని అధ్యక్షుడి ఎంపికలు చిన్నవేమీ కావు. రాష్ట్ర చట్టాలు పాటిస్తున్నవారి జోలికి వెళ్లొద్దంటూ 2013లో న్యాయశాఖ ఒక మెమో ఇచ్చింది. 2018 జనవరిలో అటార్నీ జనరల్, అంటే ఆ న్యాయశాఖ అధిపతి, జెఫ్ సెషన్స్ దాన్ని రద్దు చేశారు. ఆయన్ను నియమించిన ట్రంప్ ప్రచారంలో చెప్పింది మాత్రం, రాష్ట్రాలకే వదిలేయాలని. కొలరాడో రిపబ్లికన్ సెనేటర్ కోరీ గార్డ్‌నర్ తన సొంత పార్టీ ప్రభుత్వం ప్రతిపాదించిన న్యాయశాఖ నియామకాలకే అడ్డుపడితే తప్ప, రాష్ట్రాల జోలికి రామన్న హామీ రాలేదు. కాబట్టి అధ్యక్ష అభ్యర్థి మాటతో పాటు, న్యాయశాఖ ఎవరి చేతికి వెళ్తుందో కూడా అడగాలి.

గవర్నర్ సంతకం విలువ తెలియాలంటే వర్జీనియాను చూడండి. అక్కడ 2021 జులై నుంచి పెద్దలు కొద్దిగా దగ్గర పెట్టుకోవచ్చు. అమ్మకాలకు దారి తీసే బిల్లులను మాత్రం అప్పటి గవర్నర్ గ్లెన్ యంగ్‌కిన్ 2024లో ఒకసారి, 2025లో మరోసారి వీటో చేశారు. అలా అప్పట్లో దగ్గర ఉంచుకోవడం తప్పు కాకపోయినా, రోగులు కానివారు కొనడానికి చట్టబద్ధమైన దుకాణం లేకపోయింది!

3. పార్టీ రంగును బట్టి ఊహించుకోవద్దు

మా మరిది "డెమోక్రాట్లు అవునంటారు, రిపబ్లికన్లు కాదంటారు, అంతేగా" అన్నాడు. ఎక్కువసార్లు నిజమే. కానీ 2024లో పెద్దలకు గంజాయిని అనుమతించాలా అన్న ఫ్లోరిడా ప్రజాభిప్రాయ సేకరణకు ట్రంప్ మద్దతు పలికితే, గవర్నర్ రాన్ డిశాంటిస్ గట్టిగా వ్యతిరేకించారు. ఇద్దరిదీ ఒకే పార్టీ, ఒకే రాష్ట్రం. దాదాపు 56 శాతం మంది అవునన్నా, అక్కడ 60 శాతం కావాలి గనక అది ఓడిపోయింది.

మేముండే టెక్సాస్‌లోనూ ఇంతే. గంజాయి జాతి మొక్కే అయిన హెంప్ నుంచి తీసే మత్తు సరుకులను పూర్తిగా నిషేధించాలని లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ ప్యాట్రిక్ బిల్లు నెగ్గించుకుంటే, 2025 జూన్‌లో గవర్నర్ గ్రెగ్ అబాట్ దాన్ని వీటో చేసి, నిషేధం కాదు నియంత్రణ కావాలన్నారు. తెలుగులో మనం అన్నిటినీ గంజాయి అనేస్తాం గానీ, అమెరికా చట్టంలో హెంప్ వేరు. అభ్యర్థి దేని గురించి మాట్లాడుతున్నారో ముందు తేల్చుకోండి.

4. మాట విన్నాక ఓటు వెతకండి

ప్రస్తుతం కాంగ్రెస్‌లో ఉన్నవారైతే ఇది తేలికే. కాంగ్రెస్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో "మోర్ యాక్ట్" అని వెతకండి. గంజాయిని షెడ్యూళ్ల నుంచే తీసేయాలన్న ఈ బిల్లు ప్రతినిధుల సభలో 2020 డిసెంబరులో 228-164తో, 2022 ఏప్రిల్‌లో 220-204తో నెగ్గింది. సెనేట్ దాటలేదు. సభ్యులవారీ ఓట్ల జాబితాలో మీ ప్రతినిధి పేరు చూడండి. 2022లో ముగ్గురు రిపబ్లికన్లు అవునన్నారు, ఇద్దరు డెమోక్రాట్లు కాదన్నారు. రాష్ట్ర శాసనసభ వెబ్‌సైట్లలోనూ ఇలాంటి జాబితాలుంటాయి. కొత్త అభ్యర్థులైతే ఎన్నికల సమాచారం ఇచ్చే వెబ్‌సైట్ బ్యాలట్‌పీడియాలోనో, మహిళా ఓటర్ల లీగ్ నడిపే ఓట్ 411లోనో ఇచ్చిన జవాబులు చదవండి.

పాత రికార్డులో వేరే అభిప్రాయం కనబడితే వెంటనే కొట్టేయకండి. హారిస్ 2010లో గంజాయిని చట్టబద్ధం చేయాలన్న కాలిఫోర్నియా ప్రతిపాదనను వ్యతిరేకించారు, 2019కి మోర్ యాక్ట్‌ను సెనేట్‌లో తానే ప్రవేశపెట్టారు. మనిషి మారవచ్చు. మారాక ఏదైనా పని చేశారా అన్నదే నేను చూస్తాను.

5. మీరే అడగండి

టౌన్‌హాల్ సమావేశంలో ఒక్క ప్రశ్నకే అవకాశం దొరికితే నేను ఇది అడుగుతాను: "పాత కేసుల సంగతేమిటి?" రేపు దుకాణంలో బిల్లు ఇచ్చి అమ్మే వస్తువు కోసం నిన్న శిక్షపడినవాడికి ఇవాళ ఉద్యోగం, అద్దె ఇల్లు దొరక్కపోతే అది న్యాయం కాదు. 2024 జూన్‌లో మేరీలాండ్ గవర్నర్ వెస్ మూర్ 1,75,000కు పైగా శిక్షలకు క్షమాభిక్ష ఇచ్చారు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ అప్పుడు అక్కడ లెఫ్టినెంట్ గవర్నర్. "చట్టబద్ధం చేస్తాం" అంటూ పాత కేసుల దగ్గర నీళ్లు నమిలే అభ్యర్థిని నేను పూర్తిగా నమ్మను.

పిల్లలున్నవారు మిఠాయిల్లా కనిపించే ప్యాకెట్ల గురించి, మత్తులో కారు నడిపేవారి గురించి అడగండి. వ్యతిరేకించే అభ్యర్థినైనా సరే, "దొరికిన కుర్రాడిని ఏం చేస్తారు?" అని అడగాలి.

6. ఓటు లేని మీవాళ్ల తరఫున కూడా చూడండి

మన ఇళ్లలో ఒకరికి పౌరసత్వం, ఒకరికి గ్రీన్‌కార్డు, ఇంకొకరికి విద్యార్థి వీసా ఉంటాయి. పౌరుడు కానివాడికి రాష్ట్రం ఇచ్చిన అనుమతి రక్ష కాదు. రాష్ట్రంలో చట్టబద్ధమైనా, గంజాయి వాడకం గానీ ఆ వ్యాపారంలో ఉద్యోగం గానీ పౌరసత్వ దరఖాస్తుకు అడ్డు కావచ్చని వలస సేవల విభాగం 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పింది. వాడానని అధికారి ముందు ఒప్పుకున్నా చిక్కే.

మూడో షెడ్యూలుకు దించినా ఈ ఇబ్బంది పోదు, ఎందుకంటే అప్పుడు కూడా అది నియంత్రిత పదార్థమే. మోర్ యాక్ట్‌లో మాత్రం గంజాయి కారణంగా వలస ప్రయోజనాలు నిరాకరించకూడదన్న సెక్షన్ ఉంది. అందుకే అభ్యర్థి కార్యాలయానికి ఈమెయిల్ రాసేటప్పుడు మా మరిది చివర్లో ఈ ఒక్క వాక్యం చేర్చాడు: "మీరు బలపరిచే బిల్లులో వలసదారుల సెక్షన్ ఉందా? ఉంటే దాని నంబరు చెప్పండి."