సందులన్నీ మూసేయకండి

గడ్డకట్టే చలి పడిన తొలి ఏడాది, కోళ్ల గూటికి కనిపించిన సందుకల్లా ప్లాస్టిక్ పట్టా బిగించేశాను. ఎంత జాగ్రత్తగా ఉన్నానో అని మురిసిపోయాను కూడా. తెల్లారి తలుపు తీస్తే కప్పు లోపలంతా నీటి చుక్కలు, కళ్లు మండించే అమ్మోనియా ఘాటు. నాలుగు రోజులకే పుంజు జుట్టు (తల మీది ఎర్రటి కండ) కొనలు నల్లబడ్డాయి. ఊపిరిలోని తడి, రెట్టల తడి బయటికి పోయే దారిలేక జుట్టు మీదే పేరుకున్నాయి. చలికి తడి తోడైతే అంతే.

ఇప్పుడు కప్పు కింద, కోళ్ల తలలకు బాగా పైన, రెండు వైపులా సందులు వదిలేస్తాను. కోళ్లు కూర్చునే ఎత్తులో మాత్రం గాలి కొట్టకూడదు. రాత్రి మీరే ఆ ఎత్తుకు వంగి, తడిచేతిని కాసేపు అక్కడ ఉంచండి. గాలి తగిలితే ఆ పక్క సందు మూయండి. కింద ఎండుగడ్డో రంపపు పొట్టో జానెడు మందాన పరచండి. తడిసిన చోటు అదే రోజు తీసేయాలి. కూర్చునే కర్ర గుండ్రంగా, సన్నగా ఉండకూడదు. 9 సెంటీమీటర్ల వెడల్పున్న చదును చెక్క అయితే పొట్ట ఈకలు వేళ్లను పూర్తిగా కప్పేస్తాయి.

నిండుగా ఈకలున్న పెట్టకు ఇంతే చాలు. దాని ఒళ్లు ఎప్పుడూ 41 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది, ఈకలు ఉబ్బించుకుని ఆ వేడిని కాపాడుకుంటుంది. ఒంటికాలి మీద నిలబడిందని కంగారుపడకండి, రెండో కాలిని వెచ్చబెట్టుకుంటోంది. భయమల్లా ఈకలు రాల్చుకుంటున్నవాటికి, ముసలివాటికి, జబ్బు నుంచి లేచినవాటికి, పూర్తిగా ఈకలు రాని పిల్లలకు. సిల్కీ అనే జాతి కోళ్ల ఈకలు నీటిని ఆపవు, అవీ ఈ లెక్కలోవే. పెద్ద జుట్టున్న పుంజులకు ఒళ్లు వెచ్చగానే ఉన్నా జుట్టు దెబ్బతింటుంది.

చీకటి పడ్డాక ఒక్కొక్కదాన్ని చేత్తో తడమండి. మెడ కింద తిండిసంచి నిండుగా ఉండాలి. రొమ్ము ఎముక కత్తిలా తగిలితే ఈకల మాటున అది ఎండిపోతోందన్నమాట. పగలే కళ్లు మూసి, తోక వాల్చి, మేత వేసినా రానిదాన్ని ఆ రాత్రే లోపలికి తీసుకెళ్లండి.

లోపల అంటే హీటర్ వేసిన గది కాదు. గాలి తగలని, నీళ్లు గడ్డకట్టనంత చల్లని గది మేలు; మరీ వెచ్చగా ఉంచితే తిరిగి బయటికి పంపడం కష్టం. మా బూడిదరంగు ముసలి పెట్టను ఒకసారి ఒంటరిగా వారం పాటు లోపల ఉంచాను. తిరిగి వదలగానే మిగతావి కొత్తదాన్ని చూసినట్టు చూసి, నెత్తురొచ్చేలా పొడిచాయి. అప్పటినుంచి దానికి తోడుగా మెతక స్వభావం ఉన్న మరో పెట్టను కూడా లోపలికి తెస్తున్నాను. తిరిగి పంపేటప్పుడు రెండింటినీ కలిపే, అదీ రాత్రిపూట, గూట్లో కర్ర మీద కూర్చోబెడతాను.

గూట్లో వేడి బల్బు వేలాడదీయమని చాలామంది చెబుతారు. నేను వేయను. దుమ్ము, ఎండుగడ్డి, రెక్కలు కొట్టే కోళ్లు ఉన్నచోట అది నిప్పుతో చెలగాటం. తప్పదంటే తాకినా కాల్చని వేడిపలక ఒకటి పెట్టండి, పక్కకు జరగడానికి చోటుండాలి.

నీళ్లు పొద్దున, మధ్యాహ్నం గోరువెచ్చగా మార్చండి. నీళ్లు లేకపోతే మేత తినడం కూడా తగ్గిస్తాయి. పడుకోబోయే ముందు గుప్పెడు మొక్కజొన్న గింజలు వేస్తే రాత్రంతా అరుగుతూ ఒళ్లు వెచ్చగా ఉంటుంది. గుప్పెడే సుమా, అసలు దాణాకు బదులు కాదు.

చలికి జుట్టు తెల్లగా, గట్టిగా అయితే రుద్దకండి, హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి. లోపలికి తెచ్చి గోరువెచ్చటి నీళ్లలో తడిపిన గుడ్డ అద్దండి. తర్వాత నల్లబడిన కొనను కత్తిరించొద్దు, కింద చర్మం మానేదాకా అదే కప్పుగా ఉంటుంది. మా పుంజుకు అది రాలడానికి నెల దాటింది.