పర్లాకిమిడిలో జీపీఎస్ పాయింట్: తెర మీది మాటలకు అర్థం

జీడితోట మూలకు పాయింట్ తీయాలంటే ముందు ఫిక్స్ రానివ్వాలి. పరికరం తన చోటు తాను లెక్క కట్టుకోవడమే ఫిక్స్. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, పరికరం గడియారంలో తప్పు: తేలాల్సినవి నాలుగు, కాబట్టి కనీసం 4 ఉపగ్రహాలు కావాలి. గడియారం తప్పు చిన్నదేం కాదు, సెకనులో పది లక్షల వంతు తేడాకే దూరం 300 మీటర్లు మారుతుంది. నెట్ అందని కొండ ఊళ్లో ఫిక్స్ ఆలస్యమైతే ఫోన్ పాడైందనుకోవద్దు. ఒక్కో జీపీఎస్ ఉపగ్రహం తన కక్ష్య వివరాలను, అంటే ఎఫిమెరిస్‌ను, 30 సెకన్లకోసారి పంపుతుంది. అది తెగకుండా అందేదాకా ఆకాశం కనిపించే చోట నిలబడాలి.

తర్వాత హెచ్‌డీఓపీ. ఉపగ్రహాలు ఆకాశమంతా పరుచుకుని ఉన్నాయా, ఒకచోటే గుంపుగా ఉన్నాయా అన్నది ఈ అంకె చెబుతుంది. 2 లోపు ఉంటే రాసుకోండి, 5 దాటితే ఆగండి. రేకుల షెడ్డు, రాతి చరియ పక్కన ఇంకో బెడద ఉంది, మల్టీపాత్. సిగ్నల్ వాటికి తగిలి చుట్టుదారిన వస్తుంది. హెచ్‌డీఓపీలో ఇది కనబడదు. అక్కడినుంచి దూరంగా జరగడమే మందు.

ఆండ్రాయిడ్ ఫోన్ కచ్చితత్వం ‘4 మీటర్లు’ అని చూపితే మీరు పాయింట్ చుట్టూ అంత దూరపు వలయంలో ఉండే అవకాశం 68 శాతమే. 40 మీటర్ల చదరపు తోటకు ఒక్కో భుజం 4 మీటర్లు ఎక్కువొస్తే 40 సెంట్లు 48 అయి కూర్చుంటాయి. తగాదాలో ఉన్న గట్టుకు ఫోన్ కొలత పెట్టొద్దు, ఆర్‌టీకే పరికరంతో, అంటే స్థిర కేంద్రం పంపే సవరణలతో సెంటీమీటర్ల దాకా కొలిచేదానితో, కొలిపించండి.

రాసుకోవడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. పర్లాకిమిడి అక్షాంశం దాదాపు 18.78 డిగ్రీలు. అంటే 18 డిగ్రీల 46 నిమిషాల 48 సెకన్లు. దాన్ని 18.46 అని రాశారా, పాయింట్ 35 కిలోమీటర్లు దక్షిణానికి జారి నరసన్నపేట దరిదాపుల్లో పడుతుంది. దశాంశ డిగ్రీల్లోనే, చుక్క తర్వాత 5 అంకెలు రాయండి. చివరి అంకె విలువ సుమారు ఒక మీటరు.

యూటీఎంలో, అంటే భూమిని జోన్లుగా విడగొట్టి చోటును మీటర్లలో చెప్పే పద్ధతిలో, రాసేవాళ్లకు ఇక్కడ ప్రత్యేకంగా ఓ చిక్కుంది. 84 డిగ్రీల రేఖాంశం దగ్గర జోన్ మారుతుంది. గుణుపురం 44వ జోన్, ఈస్టింగ్ (తూర్పువైపు కొలత, మీటర్లలో) 8 లక్షలకు కాస్త తక్కువ. పర్లాకిమిడి 45వ జోన్, ఈస్టింగ్ 1.9 లక్షల చుట్టూ. పర్లాకిమిడి అంకెలకు 44 తగిలిస్తే పాయింట్ 630 కిలోమీటర్లు పడమటికి, నిజామాబాద్ పక్కకు పోతుంది! ప్రతి పాయింట్ పక్కనా జోన్ నంబరు, డబ్ల్యూజీఎస్ 84 అన్న డేటమ్ (కొలతకు ఆధారంగా తీసుకున్న భూమి నమూనా) పేరు రాయండి. ఎవరెస్ట్ డేటమ్‌లో గీసిన పాత టోపోషీట్ (సర్వే పటం) మీద ఇవే అంకెలు పెడితే వంద మీటర్లకు పైనే తేడా వస్తుంది.

ఎత్తు మైనస్‌లో కనిపిస్తే కంగారొద్దు. అది ఎలిప్సాయిడ్ ఎత్తు, లెక్క కోసం ఊహించిన నున్నటి భూమి నుంచి కొలిచింది. ఈ ప్రాంతంలో సముద్రమట్టం ఆ ఉపరితలానికి 60 మీటర్లకు పైగా కిందే ఉంది. కాలువకు వాటం చూసేటప్పుడు ఒక పాయింట్ ఎలిప్సాయిడ్‌తో, ఇంకొకటి సముద్రమట్టంతో తీయకండి.