జీడి తోటలో ఆకు కాల్చకుండా ప్రకృతి సేద్యం: ఏడాది పొడవునా చేయాల్సిన పనులు

మాఘం దాటితే జీడి తోటల్లో పొగ లేవడం మామూలే. పిక్క రాలితే కంటికి కనబడాలని చెట్ల కింద ఆకునంతా ఊడ్చి నిప్పు పెడతారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లోని ఇసుక నేలలకు ఇంతకన్నా పెద్ద నష్టం లేదు. ఆకులో ఉన్న నత్రజని, గంధకం పొగతోనే పోతాయి. మిగిలిన బూడిదను తొలకరి వాన కడిగి పట్టుకుపోతుంది. ఉద్దానంలో చాలా తోటలకు రసాయన ఎరువు వేసే అలవాటే తక్కువ కాబట్టి ఇక్కడ ప్రకృతి సేద్యమంటే మందులు మానడం ఒక్కటే కాదు. నేల మీద ఆకు నిలపడం దగ్గరే అసలు పని మొదలవుతుంది.

ఆకు ఉంటే పిక్క ఏరడం కష్టమన్న మాట నిజమే. అందుకని ఫిబ్రవరిలో కొమ్మల నీడ పడే మేర ఆకును దంతెతో లాగి, రెండు వరుసల మధ్య బారుగా పోయండి. ఏరుడు అయిపోయి, జూన్‌లో నేల జానెడు లోతు తడిశాక ఆ ఆకును తిరిగి చెట్టు కిందికి తెచ్చి 10-15 సెంటీమీటర్ల మందాన పరవండి. మొదలుకు మాత్రం ఆనించవద్దు, చుట్టూ 30 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. మొదలు దగ్గర తేమ నిలిచి ఆకు కప్పేస్తే చెద ఎక్కుతుంది, వేరు తొలిచే పురుగు లోపలికి పోయినా కనబడదు. వేసవిలో ఎండాకు బారుకు నిప్పు భయం ఉంటుంది. బాట వెంబడి, గట్టు వెంబడి 3 మీటర్ల మేర ఆకు లేకుండా చూసుకోండి.

జీడి ఆకు తోలులా మందం, వగరు ఎక్కువ. ఉత్త ఎండాకు పరిస్తే ఏడాది గడిచినా సగం అలాగే ఉంటుంది. అది కుళ్లాలంటే నత్రజని ఉన్న పచ్చిరొట్ట కలవాలి. పెరిగిన చెట్టుకు ఏటా 500 గ్రాముల నత్రజని కావాలని సిఫారసు. పశువుల ఎరువులో నత్రజని అర శాతమే అనుకుంటే చెట్టుకు 100 కిలోల ఎరువు పడుతుంది. 8 మీటర్ల ఎడంలో ఎకరానికి 60కి పైగా చెట్లుంటాయి కాబట్టి ఏటా 6 టన్నులు! అంత పేడ ఎవరి దొడ్లోనూ ఉండదు. ఆ లోటు పూడ్చాల్సింది పప్పుజాతి పైర్లే.

మే చివర, జూన్ మొదట్లో వరుసల మధ్య నవధాన్యాలు చల్లండి. ఎకరానికి 10-12 కిలోల గింజ చాలు. అందులో సగానికి పైగా జనుము, పిల్లిపెసర, ఉలవ, అలసంద, మినుము ఉండాలి. మిగతాది సజ్జ, కొర్ర, నువ్వు, ఆముదం, గోంగూర, బంతి, ధనియాలు, ఆవాలు. వాన రాకముందే చల్లేటట్టయితే గింజకు బంకమట్టి, ఘనజీవామృతం (పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి కలిపి ఆరబెట్టిన ఎరువు) పొడి పట్టించి నీడన ఆరబెట్టాలి. పట్టించకుండా చల్లితే చీమలు, పిట్టలు చాలా గింజ తినేస్తాయి. 45-60 రోజులకు పూత మొదలవగానే కొడవలితో కోసి, చెట్టు కింద ఎండాకు మీద పరవండి. గింజ కట్టేదాకా ఆగితే కాడ ముదిరి కుళ్లదు, పైగా తేమంతా అదే తాగేస్తుంది. దున్ని కలపాలని చూడకండి. జీడికి ఆహారం తీసుకునే సన్నవేళ్లు పైపొరలోనే ఉంటాయి, నాగలి పెడితే అవే తెగిపోతాయి. ముసలి తోటల్లో కొమ్మలు కలిసిపోయి ఎండ దిగకపోతే నవధాన్యాలు మొలిచినా పాలిపోతాయి. అలాంటి చోట గింజ దండగ. గట్ల మీద అర మీటరుకొకటిగా గిరిపుష్పం (గ్లైరిసీడియా) కొమ్మలు నాటి, రెండో ఏడు నుంచి ఏటా రెండు మూడుసార్లు రొట్ట కోసి వేయడం మేలు.

జీవామృతం కొలతలు చాలామందికి తెలిసినవే. 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల నాటావు పేడ, 5-10 లీటర్ల మూత్రం, 2 కిలోల నల్లబెల్లం, 2 కిలోల శనగ లేదా ఉలవ పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. నీడలో 48 గంటలు ఉంచి, రోజుకు రెండుసార్లు కలిపి, వారంలోపు వాడేయాలి. పొరపాటల్లా వాడే చోట జరుగుతోంది. నీటి వసతి లేని జీడి తోటలో మార్చి ఎండకు కాగిన ఇసుక మీద పోస్తే అందులోని సూక్ష్మజీవులు బతకవు. జూన్ నుంచి నవంబరు దాకా, నేల తడిగా ఉన్నప్పుడు, పరిచిన ఆకు మీదే నెలకోసారి ఎకరానికి 200 లీటర్లు పోయండి. ఘనజీవామృతాన్ని జూన్‌లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి మొదలుకు 1.5 మీటర్ల ఎడంగా చుట్టూ చల్లి, దాని మీద ఆకు కప్పండి.

కొబ్బరి ఉన్న ఊళ్లో డొక్కకు, అంటే కాయ మీది పీచు తొక్కకు, కరువుండదు. వాలు నేలలో చెట్టుకు ఎగువన, 2 మీటర్ల దూరంలో అర మీటరు లోతు కందకం తీసి, డొక్కలను గుంట వైపు పైకి ఉండేలా వరుసలుగా పేర్చి మట్టి కప్పండి. వాన నీటిని అవి పట్టుకుని మెల్లగా వదులుతాయి.

ఇక టీ దోమ, అంటే లేత చిగుళ్ల, పూత కాడల రసం పీల్చే పురుగు. ఈ పురుగు కోసమే కేరళలోని కాసరగోడ్ జీడి తోటల మీద ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు, అక్కడి పిల్లలు ఇప్పటికీ దాని ఫలితం అనుభవిస్తున్నారు. ఆ మందును సుప్రీంకోర్టు 2011లో ఆపించింది. మందు లేకుండా దీన్ని అదుపు చేయాలంటే ముందు దాన్ని గుర్తుపట్టాలి. నల్లటి తల, ఎర్రటి నడుము, సన్నటి పొడవాటి ఒళ్లు. భూతద్దంతో చూస్తే వీపు మీద గుండుసూది నిలబెట్టినట్టు ఒక ముల్లు. పొద్దున, సాయంత్రం లేత చిగుళ్ల మీద దొరుకుతుంది. కుట్టిన చోట తడిసినట్టు ఉండే మచ్చ గోధుమ రంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతుంది, జిగురు కారుతుంది. పూత కాడ అయితే మాడినట్టు ఎండిపోతుంది. మంచు వల్ల పూత మాడిందనుకునే తోటల్లో చాలాసార్లు దోషం దీనిదే.

5 కిలోల వేపాకు ముద్ద, 5 లీటర్ల మూత్రం, కిలో పేడ 100 లీటర్ల నీళ్లలో 24 గంటలు నానబెట్టి వడకడితే నీమాస్త్రం. వరికి ఎకరం తడిపే ఈ 100 లీటర్లు జీడిలో 10-12 పెద్ద చెట్లకే సరిపోతాయి, ఎందుకంటే చెట్టుకు 8-10 లీటర్లు పడుతుంది. ఎకరానికని లెక్కేసి 60 చెట్లకూ సరిపెడితే పైచిగుళ్లకు చుక్క కూడా అందదు, తర్వాత కషాయం పనిచేయదని నింద. అక్టోబరు నుంచి వారానికోసారి ఎకరంలో 10 చెట్లు, చెట్టుకు నాలుగు దిక్కులా చిగుళ్లు చూసి, మచ్చ కనబడిన చెట్లకూ వాటి చుట్టుపక్కల చెట్లకూ నిండుగా కొట్టండి. చిగురు వేసేటప్పుడు, పూత కాడ తొంగిచూసేటప్పుడు, పిందె కట్టేటప్పుడు, ఈ మూడు అదనులూ ముఖ్యం. నీమాస్త్రం పెద్ద పురుగును వెంటనే చంపదు. తిండి మాన్పిస్తుంది, పిల్ల పురుగులను తగ్గిస్తుంది. పూత విచ్చుకున్నాక పొద్దున కొట్టకండి. ఆ వేళే తేనెటీగలు తిరుగుతాయి, పిందె కట్టాలంటే అవి రావాలి. ఎండ దిగాక కొట్టండి.

ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలను కుడతాయని తగలబెట్టకండి. టీ దోమను వేటాడి తినేవి అవే. చీమలున్న చెట్టు నుంచి పక్క చెట్టుకు కొబ్బరి తాడు కడితే వాటంతటవే నడిచిపోతాయి. వేరే పుట్టుకకు చెందిన గుంపులు కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి, కాబట్టి రెండు గుంపుల చెట్లకు తాడు కలపవద్దు. జీడిలో పిక్కను నేల మీద ఏరుతాం గనుక చీమల బాధ కొమ్మలు కొట్టేటప్పుడే.

టీ దోమ పంట తింటే, కాండం, వేరు తొలిచే పురుగు చెట్టునే తినేస్తుంది. మొదలు పగుళ్లలోంచి రంపపు పొట్టు లాంటిది రాలుతూ, జిగురు కారుతుంటే లోపల పురుగున్నట్టే. ఆకు పసుపు తిరిగేదాకా ఆగితే చేయి దాటిపోతుంది. పొట్టు కనబడిన రోజే ఉలితో బెరడు తీసి, సొరంగం వెంట ఇనుప కొక్కెం పెట్టి పురుగును లాగేయాలి. గాయానికీ, వేళ్ల దగ్గర నుంచి మీటరు ఎత్తు దాకా కాండానికీ లీటరు నీటికి 50 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి పూయాలి. జనవరి-ఫిబ్రవరిలో, మళ్లీ సెప్టెంబరు-అక్టోబరులో బాగున్న చెట్లకూ పూయండి. చచ్చిన చెట్టును వేళ్లతో తీసి తోట దాటించండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు పడ్డట్టు మాన్లు ఒరిగినప్పుడు వంటచెరకు కదా అని తోటలోనే వదిలేస్తే పురుగు అందులోనే పెరుగుతుంది.

జూన్-జులైలో ఎండు కొమ్మలు, ఒకదానిమీదొకటి రాసుకునేవి తీసి, కోసిన చోట బోర్డో పేస్టు పూయండి. మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు 10 లీటర్లు. తుత్తాన్ని ప్లాస్టిక్ బకెట్లోనే కలపాలి.

సేంద్రియ ధ్రువీకరణ కావాలంటే ఎన్‌పీఓపీ (కేంద్రం నడిపే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం) నిబంధన ప్రకారం జీడి లాంటి బహువార్షిక తోటకు మొదటి కోతకు ముందు 36 నెలలు నిషేధించిన మందు పడకూడదు. ఏ రోజు ఏది ఎన్ని లీటర్లు వేశారో పుస్తకంలో రాయడం ఈ రోజు నుంచే మొదలుపెట్టండి. పక్క తోటలో మందు కొడితే గట్టు వెంట ఉన్న వరుస పిక్కలు విడిగా ఏరాలి, విడిగా అమ్మాలి.

పిక్కను చెట్టు మీద తెంపకండి, తనంతట రాలాలి. పండు నుంచి వేరు చేసి రెండు మూడు రోజులు ఎండలో తిరగేస్తూ ఆరబెట్టండి. గోరుతో నొక్కితే గాటు పడకూడదు, గుప్పిట్లో ఊపితే గలగలమనాలి. ఆరని పిక్కను 80 కిలోల బస్తాకెత్తితే పప్పు నల్లబడి, రేటు దగ్గర కోత పడుతుంది. మిగిలిన పళ్లను కుప్పగా వదలకుండా ఎండాకు ఒక పొర, పండు ఒక పొర, పేడనీళ్లు ఒక పొరగా గుంటలో వేసి మూయండి. తొలకరికి అది కూడా చెట్టు కిందికే.