ఓపా (తాతయ్య), ఓమా (అమ్మమ్మ లేదా నాయనమ్మ)ల డచ్ వారసత్వాన్ని పిల్లలకు అందించే పద్ధతి

ముందు ఇంట్లోని కాగితాలు వెతకండి, ఆర్కైవుల సంగతి తర్వాత. డచ్ కుటుంబాల్లో అన్నిటికన్నా విలువైనది పెళ్లినాడు మునిసిపాలిటీ ఇచ్చే చిన్న పుస్తకం, ట్రౌబూక్యే. దంపతుల పుట్టిన తేదీలు, ఊళ్లు, పిల్లల వివరాలు అందులోనే ఉంటాయి. తర్వాత మరణ సమాచార కార్డులు, కేథలిక్ ఇళ్లలోనైతే చనిపోయినవారి జ్ఞాపకార్థం అచ్చేసే ప్రార్థన చీటీలు. మరుగుదొడ్డి గోడకు వేలాడే పుట్టినరోజుల క్యాలెండర్‌ను పాతదని పారేయొద్దు. అందులో వారాలు ఉండవు కాబట్టి ఏళ్ల తరబడి అదే వాడతారు, బంధువులందరి తేదీలూ ఒకేచోట దొరుకుతాయి.

పెద్దవాళ్లు ఉంటే వాళ్ల మాటలు రికార్డు చేయండి. "మీ చిన్నతనం చెప్పండి" అంటే రెండు ముక్కల్లో ముగిస్తారు. ఫోటో చేతికిచ్చి పక్కనున్నది ఎవరు, ఆ ఇల్లు ఏ వీధిలో అని అడిగితే మాట సాగుతుంది.

పేర్లు, ఊళ్లు తెలిశాక పాత డచ్ పత్రాలు వెతికిపెట్టే వీవాస్‌వీ, ఓపెన్ ఆర్కీవెన్ సైట్లలో వెతకొచ్చు. పౌర నమోదు, అంటే జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు, నెదర్లాండ్స్‌లో చాలాచోట్ల 1811లో మొదలైంది. జనన పత్రాలు 100 ఏళ్లకు, వివాహాలవి 75కు, మరణాలవి 50కి బహిరంగమవుతాయి. ఆ లోపువి కనబడకపోతే లేవనుకోకండి. స్త్రీలను పుట్టింటి పేరుతోనే వెతకాలి, పెళ్లయినా పత్రాల్లో అదే ఉంటుంది. 'వాన్ డెన్ బెర్గ్' లాంటి పేరు జాబితాలో 'బెర్గ్' దగ్గర ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కెనడా, ఆస్ట్రేలియాలకు వలస వెళ్లినవారి మరణ పత్రం అక్కడే వెతకాలి. ఇంటిపేరు స్పెల్లింగ్ కూడా మారి ఉండొచ్చు: డైక్‌స్ట్రాలోని 'ఐ, జే' అక్షరాల జంట చాలాసార్లు 'వై' అయింది. మునిసిపాలిటీలు ఒక్కొక్కరి పేరిట 1939 నుంచి 1994 వరకు వాడిన వ్యక్తిగత కార్డుల్లో తల్లిదండ్రులు, చిరునామాలు, వృత్తి ఉంటాయి. మరణించినవారి కార్డు నకలు హేగ్‌లోని సీబీజీ కుటుంబ చరిత్ర కేంద్రం రుసుము తీసుకుని ఇస్తుంది.

జిగురు పేజీల ఆల్బమ్‌లు ఫోటోలను పాడుచేస్తాయి. పళ్ల మధ్య శుభ్రం చేసే దారాన్ని ఫోటో కిందుగా మెల్లగా లాగి విడదీయండి. రాకపోతే బలవంతం చేయకుండా పేజీతో సహా స్కాన్ చేయండి. 600 డీపీఐ, టిఫ్ ఫార్మాట్, వెనకవైపు రాతతో సహా. పేర్లు మెత్తటి పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా ముందువైపుకు దిగుతుంది.

పిల్లలకు ఇవన్నీ కాగితాలే. చేత్తో చేసింది మాత్రం గుర్తుంటుంది, అందుకే డిసెంబరు 31న ఓలీబోలెన్ (నూనెలో వేయించే తీపి పిండి ఉండలు) వాళ్లతోనే చేయించండి. మైదా 500 గ్రాములు, పొడి ఈస్ట్ 7 గ్రాములు, ఉప్పు 8 గ్రాములు, ఒక గుడ్డు, గోరువెచ్చని పాలు 450 మిల్లీలీటర్లు, నానబెట్టి బాగా తుడిచిన ఎండుద్రాక్ష 150 గ్రాములు. పాలు వేడిగా ఉంటే ఈస్ట్ చచ్చిపోతుంది, తడి ద్రాక్ష పిండిని జారుగా చేస్తుంది. గంటసేపట్లో పిండి రెట్టింపవుతుంది. గాలి పోకుండా రెండు చెంచాలతో తీసి 180 డిగ్రీల నూనెలో 5, 6 నిమిషాలు వేయించాలి. నూనె చల్లగా ఉంటే పీల్చుకుంటాయి, మరీ కాగితే పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటాయి. వేయించడం పెద్దవాళ్ల పని, పంచదార పొడి చల్లడం పిల్లలది.

ఓమా రాసిన వంటచీటీ ఉంటే అదీ స్కాన్ చేయండి. అందులో "ఒక కప్పు" అని ఉంటే ఆమె వాడిన కప్పునే నీళ్లతో కొలిచి, మిల్లీలీటర్లు పక్కన రాయండి. డిసెంబరు 5న జరిగే డచ్ కానుకల పండుగ సింటర్‌క్లాస్ రాత్రి కానుకలతో ఇచ్చే ప్రాసకవితలను ఏ ఏడాదివి ఆ ఏడాది కవరులో దాచండి. పాతవి దొరికితే ఎవరు ఎవరికి రాశారో ఇప్పుడే పెద్దవాళ్లను అడిగి వెనక రాయించండి, చాలావాటి మీద రాసినవారి పేరు ఉండదు.