పల్లె చర్చిని చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: గోడ దాచుకున్న ఆనవాళ్లు

పోయిన పాఠంలో బయట నిలబడి కిటికీల ఆకారాన్ని బట్టి గోడ వయసు అంచనా వేయడం నేర్చుకున్నాం. ఈసారి తలుపు తోసుకుని లోపలికి వెళ్దాం. వెళ్లగానే ఒక చిక్కు ఎదురవుతుంది. మధ్యయుగపు ఇంగ్లిష్ పల్లె చర్చిలో గోడలూ స్తంభాలూ పాతవే అయినా, మొదట కంట్లో పడే సామాను చాలావరకు ఆ కాలానిది కాదు. వరసగా వేసిన బెంచీలు, నున్నటి నేల పలకలు, తూర్పు కిటికీలోని రంగుటద్దాలు చాలా చోట్ల 19వ శతాబ్దంలో వచ్చినవి. అసలు సామానులో ఎక్కువ భాగాన్ని 16వ శతాబ్దపు మతసంస్కరణ రోజుల్లో, అంటే ఇంగ్లండ్ కాథలిక్ పద్ధతి వదిలి ప్రొటెస్టెంట్ దారి పట్టినప్పుడు, పీకేశారు, విరగ్గొట్టారు, సున్నం కొట్టి కప్పేశారు. అందుకే ఈ పాఠంలో ఉన్నవాటి పేర్లు బట్టీ పట్టడం కన్నా, లేనివి ఎక్కడ ఉండేవో పట్టుకోవడం మీదే దృష్టి పెడదాం.

ముందు దిక్కులు. జనం నిలబడే పెద్ద హాలు నేవ్. దానికి తూర్పున ఆర్చి దాటితే వచ్చే భాగం చాన్సెల్. బలిపీఠం అక్కడ ఉంటుంది. చాన్సెల్ మరమ్మతు ఖర్చు చర్చి ఆదాయం అందుకునే రెక్టరుది, నేవ్ ఖర్చు ఊరివాళ్లది. ఉన్ని వ్యాపారంతో డబ్బు చేసుకున్న ఊళ్లలో నేవ్ ఆకాశాన్నంటుతూ ఉండి, చాన్సెల్ మాత్రం పాత కప్పుతో పొట్టిగా మిగిలిపోవడానికి ఇది ఒక కారణం. రెండు కప్పులకీ పొంతన లేకపోతే ఖర్చు ఎవరు పెట్టారని అడగండి.

ఇప్పుడు నేరుగా చాన్సెల్ తూర్పు చివరికి వెళ్లండి. తూర్పుకు తిరిగి నిలబడితే మీ కుడి చేతి వైపు దక్షిణం గోడ. అందులో నడుము ఎత్తున చిన్న గూడు, దాని అడుగున గిన్నెలాంటి గుంట, గుంట మధ్యలో చిల్లు కనిపిస్తే అది పిసినా. పూజలో ఫాదర్ చేతులు, పానపాత్ర కడిగిన నీళ్లు అందులో పోసేవారు. మన గర్భగుడి సోమసూత్రం అభిషేక జలాన్ని బయటికి తెస్తే భక్తులు తీర్థంగా పడతారు కదా, ఇక్కడ పద్ధతి సరిగ్గా తిరగేసి ఉంటుంది: ఆ నీళ్లు ఎవరి చేతికీ చిక్కకుండా గోడలోంచే పవిత్ర భూమిలోకి ఇంకిపోవాలి. పూజలో వాడే అప్పం (రొట్టె), ద్రాక్షారసం నిజంగానే క్రీస్తు శరీరం, రక్తం అవుతాయన్న సిద్ధాంతాన్ని 1215లో నాలుగో లాటరన్ మహాసభ ఖాయం చేసింది. 13వ శతాబ్దంలో పిసినాలు ఊరూరా కనిపించడం వెనుక ఈ పట్టింపు ఉంది. ఒకే గూట్లో రెండు గుంటలుంటే, ఒకటి చేతులకీ ఒకటి పాత్రకీ అన్నమాట. అలాంటిది కనబడితే ఆ గోడ 13వ శతాబ్దం చివరిదేమోనని మొదటి అంచనా వేసుకుని, కిటికీతో సరిచూసుకోండి.

ఈ పాఠంలో ఒక్క సూత్రమే గుర్తుంటుందనుకుంటే ఇది గుర్తు పెట్టుకోండి: పిసినా ఉన్నచోట ఒకప్పుడు బలిపీఠం ఉండేది. చాన్సెల్‌లో అయితే ఇందులో వింతేమీ లేదు. పక్క వరండాలాంటి ఐల్ తూర్పు చివర, లేదా నేవ్‌లో ఆర్చి పక్కన పిసినా కనిపించిందంటే అసలు కథ అక్కడ మొదలవుతుంది. ఊరి సంఘాలు, డబ్బున్న కుటుంబాలు చనిపోయినవాళ్ల ఆత్మశాంతి కోసం విడిగా బలిపీఠాలు పెట్టించి, వాటికి ఫాదర్లను కూడా నియమించుకునేవి. 1547 చట్టంతో ఆ నిధులన్నీ రాజు ఖజానాకు పోయాయి, బలిపీఠాలూ పోయాయి. గోడలోని గూడు మాత్రం తీయడానికి వీల్లేనిది కాబట్టి మిగిలింది.

పిసినా పక్కనే గోడలో చెక్కిన మూడు రాతి ఆసనాలు సెడీలియా. ఫాదర్‌కీ ఆయన ఇద్దరు సహాయకులకీ అవి. కొన్నిచోట్ల అవి మోకాలి కిందికి ఉండి, కూర్చుంటే గడ్డానికి మోకాళ్లు తగిలేలా కనిపిస్తాయి. అప్పటివాళ్లు పొట్టివాళ్లని గైడ్లు జోక్ చేస్తారు గానీ, సాధారణంగా అసలు సంగతి వేరు: 19వ శతాబ్దంలో చాన్సెల్ నేలను మెట్లు మెట్లుగా ఎత్తు చేశారు. ఆసనం ఎంత కిందికి దిగినట్టు కనిపిస్తే నేల అంత పైకి లేచిందని లెక్క.

ఎదుటి ఉత్తర గోడలో తలుపు ఊడిన చదరపు గూడు ఉంటే అది పాత్రలు దాచే ఆంబ్రీ. అదే గోడలో పెద్ద చెక్కడపు గూడుంటే ఈస్టర్ సమాధి కావచ్చు. గుడ్ ఫ్రైడే నుంచి ఈస్టర్ ఉదయం దాకా సిలువనూ అప్పాన్నీ అందులో ఉంచి కాపలా కాసేవారు. నాటింగమ్‌షైర్‌లోని హాటన్, లింకన్‌షైర్‌లోని హెకింగ్టన్ చర్చిల్లో 14వ శతాబ్దపు ఈస్టర్ సమాధులున్నాయి. కింద రాతిలో చెక్కిన కాపలా సైనికులు కునుకు తీస్తుంటారు, చూసి తీరాలి.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. నేవ్‌కీ చాన్సెల్‌కీ మధ్య ఆర్చి కింద చెక్క తెర ఉండేది. దాని పైన మనిషి నడవగలిగేంత వెడల్పు అటక, ఆ పైన సిలువ మీద క్రీస్తు, ఇరుపక్కల మరియమ్మ, యోహాను. ఆ బొమ్మల సముదాయాన్ని రూడ్ అనేవారు. ప్రొటెస్టెంట్ అయిన ఆరో ఎడ్వర్డ్ రాజు కాలంలో వాటిని దించేశారు, కాథలిక్ అయిన మేరీ రాణి మళ్లీ పెట్టించింది, ప్రొటెస్టెంట్ ఎలిజబెత్ రాణి వచ్చాక మళ్లీ పోయాయి. 1561 ఉత్తర్వు అటకను కొట్టేసి కింది తెరను మాత్రం ఉంచమంది. అందుకే నేడు తెరలు చాలా ఉన్నాయి, అటకలు అరుదు. యార్క్‌షైర్ కొండల్లో హబర్‌హోమ్‌లో మిగిలిన అటక మీద 1558 అని ఉంది, అంటే మేరీ పాలన ముగిసిన ఏడాది! నార్ఫోక్‌లోని రాన్‌వర్త్ తెర మీద పునీతుల బొమ్మలు రంగులతో సహా నిలిచాయి. సఫోక్‌లోని సౌత్‌వోల్డ్ తెర మీద మాత్రం అపొస్తలుల ముఖాలు గీకేసి ఉన్నాయి. వస్త్రాల మీది బంగారు పూత జోలికి పోకుండా ముఖాలు మాత్రమే గీకారంటే కోపం దేని మీదో తెలుస్తుంది.

తెర కూడా లేకపోతే? ఆర్చి పక్క గోడలో, నేలకు చాలా ఎత్తున, ఎక్కడికీ వెళ్లని చిన్న తలుపు కోసం వెతకండి. అటక మీదికి వెళ్లే దారి అది. గోడ మందంలో మెలికల మెట్లు దాగి ఉంటాయి. బయట ఆ చోటున గోడ ఉబ్బినట్టుంటే అనుమానమే అక్కర్లేదు.

లేనిదాని జాడకు ఇంతకన్నా మంచి ఉదాహరణ సఫోక్‌లోని వెన్‌హాస్టన్. ఆర్చి పైభాగాన్ని మూసిన చెక్క పలకల మీద తుది తీర్పు చిత్రం, అంటే లోకాంతంలో చనిపోయినవాళ్లు లేచి దేవుడి తీర్పు అందుకునే దృశ్యం, ఉండేది. దానికి సున్నం కొట్టేశారు. 1892లో మరమ్మతులప్పుడు ఆ పలకలను పాత చెక్క అనుకుని బయట పడేస్తే, రాత్రి వానకు సున్నం కరిగి బొమ్మలు బయటపడ్డాయి. కిరీటమో బిషప్ టోపీయో తప్ప ఒంటి మీద నూలుపోగు లేకుండా సమాధుల్లోంచి పైకి లేచినవాళ్లు, త్రాసు పట్టుకున్న దేవదూత మిఖాయేలు, నోరు తెరిచిన నరకం. మధ్యలో మాత్రం రంగు పడని ఖాళీలున్నాయి. ఒకటి సిలువ ఆకారం, రెండు మనుషుల ఆకారాలు. రూడ్ బొమ్మలు అక్కడ ఆనుకుని ఉండేవి కాబట్టి వాటి వెనక చిత్రకారుడు రంగు వేయలేదు.

తిరిగి వచ్చేటప్పుడు తలుపు దగ్గర బాప్తిస్మపు తొట్టి అంచు తడిమి చూడండి. ఎదురెదురుగా విరిగిన చోట్లు గానీ, ఇనుప కొక్కేల గుంటలు గానీ తగులుతాయి. మూతకు తాళం వేసిన జాడలవి. మంత్రగాళ్లు పవిత్ర జలం ఎత్తుకుపోకుండా తొట్టికి మూత పెట్టి తాళం వేయాలని 1236లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఎడ్మండ్ ఆదేశించారు. ఆ మూతలు తర్వాత్తర్వాత గోపురాలంత పెరిగాయి. సఫోక్‌లోని అఫర్డ్‌లో ఉన్నది దాదాపు 5.5 మీటర్ల ఎత్తు.

అభ్యాసం: బ్రిటన్‌లో ఉన్నవాళ్లు దగ్గర్లోని పాత చర్చికి వెళ్లండి, మిగతావాళ్లు ఏదైనా చర్చి లోపలి ఫొటోలు ముందేసుకోండి. ఈ ఊహాచిత్రానికి కూడా జవాబు రాయండి: దక్షిణపు ఐల్ తూర్పు చివర పిసినా, ఆర్చికి ఉత్తరాన మూడు మీటర్ల ఎత్తులో మూసేసిన తలుపు, చాన్సెల్‌లో చీలమండల ఎత్తున సెడీలియా. ఇక్కడ ఏమేం పోయాయి, ఏది కొత్తగా వచ్చింది? జవాబులు 5వ పాఠం మొదట్లో ఇస్తాను. అందులో కప్పులు చూస్తాం కాబట్టి బైనాక్యులర్ ఉంటే సిద్ధం చేసుకోండి.