ఫిరంగి దళం అధికారి గురించి పిల్లల చేత మాట్లాడించాలంటే

ముందు పదవుల చిట్టా పక్కన పెట్టండి. జనరల్ అయ్యాడు, మంత్రి అయ్యాడు అని మొదలెడితే రెండో నిమిషానికే హాలంతా ఆవలింతలు. నేను ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో చేసి వచ్చినవాణ్ణి కాబట్టి, మిలటరీ వాళ్ల మీద ఉపన్యాసం అంటే మా ముక్తేశ్వరం పిల్లలు నా దగ్గరికే వస్తారు. మొన్న ఒకమ్మాయికి అమెరికా ఫిరంగి దళాధిపతి హెన్రీ నాక్స్ అంశంగా వచ్చాడు. ఆ పిల్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా చాలు. 1750లో బోస్టన్‌లో పుట్టాడు. తండ్రి పోయాక చదువు మాని పుస్తకాల షాపులో పనికి కుదిరాడు, 1771లో సొంత షాపు పెట్టాడు. ఫిరంగి విద్య చాలావరకు పుస్తకాలు చదివే నేర్చుకున్నాడు. వేటలో తుపాకి పేలి ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి. ఇది మాత్రం వదలొద్దు, పిల్లలు చెవులు రిక్కిస్తారు.

తరవాత ఒక్క పని పట్టుకుని సగం టైము దానికే ఇవ్వాలి. నాక్స్‌కి అది 1775 చలికాలం, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రోజులు. బోస్టన్‌లో బ్రిటిష్ సైన్యం తిష్ఠ వేసింది. అమెరికా సేనాని జార్జ్ వాషింగ్టన్ దగ్గర చాలినన్ని పెద్ద ఫిరంగులు లేవు. అవి ఉన్నది దాదాపు 480 కిలోమీటర్ల అవతల, టికొండెరోగా కోటలో. వాటిని తేవడానికి బయల్దేరాడు పాతికేళ్ల నాక్స్. సుమారు 60 ఫిరంగులు, అమెరికా లెక్కలో 60 టన్నుల బరువు, మన లెక్కలో 54.

టన్నులంటే పిల్లలకు తలకెక్కదు. 75 కిలోల ధాన్యం బస్తాలు ఏడొందల పైచిలుకు అని చెప్పమన్నాను. అన్నీ కోటిపల్లి రేవులో పంటు మీద దాటించి, అవతల లారీ లేకుండా ఎడ్లతో కొండలెక్కించాలి అనేసరికి అమ్మాయి నోట మాట లేదు. నాక్స్ కూడా జార్జి సరస్సును పడవల మీద దాటించి, అక్కణ్ణుంచి చక్రాల్లేని స్లెడ్జిలకెక్కించి ఎడ్లతో, గుర్రాలతో మంచు మీద లాగించాడు. గడ్డకట్టిన హడ్సన్ నది మీద మంచు విరిగి ఒక ఫిరంగి నీళ్లలో పడితే మళ్లీ పైకి తీశారు. ఇక్కడ నిదానంగా చెప్పాలి. గన్ పేల్చడం ఎంతసేపు? దాన్ని పొజిషన్‌కి చేర్చడమే మా అసలు ఉద్యోగం.

ఫలితం రెండు తేదీల్లో తేల్చేయొచ్చు. 1776 మార్చి 4 రాత్రి బోస్టన్ పక్కనున్న డార్చెస్టర్ గుట్టల మీదికి ఫిరంగులెక్కాయి. 17న బ్రిటిష్ వాళ్లు ఊరొదిలి ఓడలెక్కారు.

మిగతాదంతా ఒక్క ఊపిరిలో: వాషింగ్టన్ సైన్యంతో డెలావేర్ నది దాటడం, యార్క్‌టౌన్ యుద్ధం, 1789లో తొలి యుద్ధ మంత్రి. అంకెలు చీటీ మీద రాసుకోనివ్వండి, ఉపన్యాసం మాత్రం బట్టీ పట్టించొద్దు. 1806లో గొంతులో కోడి ఎముక ఇరుక్కుని, అదే ముదిరి పోయాడు. అది చెబితే హాలంతా నవ్వుతుంది, తరవాత ఎవరూ వినరు. "1806లో కాలం చేశాడు" అని దిగిపొమ్మన్నాను.